వినడమూ ఒక విద్యయే

ఈ వార్షిక సంచికకు ఏటేటా ఒక సాహిత్య వ్యాసం వ్రాసి ఇవ్వడం మాకు అలవాటు. ఒక యేడు ప్రబంధ నాయికలను గురించి, మరొక యేడు వేమన లోకజ్ఞతను గురించి వ్రాసినాము. ప్రూఫులు దిద్దిన మిత్రులు తప్ప వాటిని మరెవరైనా చదివినారా అన్నది సందేహమే. ఈసారి ఆ అలవాటు తప్పి, గడచిన రెండేండ్లుగా ప్రతి గురువారం సాయంకాలం మేము చేస్తున్న ఒక చిన్న పనిని గురించి వ్రాస్తున్నాము. విద్యార్థినీ విద్యార్థులతోబాటు కళాశాల కమిటీ పెద్దలు కూడ దీనిని చివరివరకు చదవాలని మా కోరిక. ఎందుకంటే చివరలో వారిని అడుగవలసినవి కొన్ని ఉన్నవి.

నగరంలో యువతీ యువకుల నిమిత్తం నడుస్తున్న ఒక సహాయవాణిలో మేము స్వచ్ఛంద కార్యకర్తలము. రెండు గదులు, మూడు బల్లలు, మూడు ఫోనులు, ఒక రిజిస్టరు, ఒక మంచినీళ్ల కూజా. అక్కడి సరంజామా అంతే. ఒక్కొక్కరికి నాలుగు గంటల వంతు. ఏ వంతులోనైనా ఇద్దరికి తక్కువ కాకుండా ఉంటారు. ఒంటరిగా ఎవరినీ కూర్చోనివ్వరు. ఫోను చేసినవారి పేరు అడుగము, చెప్పినా వ్రాయము. వంతు ముగిసిన పిదప ఒక పెద్ద కార్యకర్త దగ్గర పది నిమిషాలు కూర్చుండి, విన్నదానిలో మనసున భారంగా మిగిలినదానిని అక్కడే దించి ఇంటికి పోవాలి. ఈ చివరి నియమాన్ని మొదట మేము లాంఛనం అనుకొన్నాము. ఇప్పుడు అది లేనిదే ఆ రాత్రి నిద్ర పట్టదు.

చాల ఫోనులలో మాట ఉండదు. అవతల ఊపిరి వినబడుతుంది, వెనుక ఎక్కడో ఆటో పోతున్న చప్పుడో, వంటింటి గిన్నెల శబ్దమో వినబడుతుంది, అంతే. ఇవి అల్లరి ఫోనులని మేము విసుగుకొన్న రోజులున్నవి. కొన్ని నిజంగా అల్లరివే. కాని అనేకం ధైర్యం కూడగట్టుకొంటున్న ఫోనులని, మూడవసారో నాలుగవసారో మాట బయటికి వస్తుందని పాత కార్యకర్తలు చెప్పినారు. అంతవరకు ‘మేము ఇక్కడే ఉన్నాము, తొందర లేదు’ అని ఒక్కమాట చెప్పి ఊరకుండాలి. గంటకింత అని మాట్లాడి జీతం పుచ్చుకొనే మాబోటివారికి ఇది ఎంతటి శిక్షయో సహాధ్యాపకులు ఊహించగలరు.

ఫోనులో విన్నది ఆ గది దాటరాదు. పేరు మార్చి అయినా, ఊరు మార్చి అయినా చెప్పరాదు. కాబట్టి కంట తడి పెట్టించే కథలను ఈ వ్యాసంలో ఎదురుచూడవద్దు. మేము చెప్పగలిగినవి మా సొంత తప్పులు మాత్రమే. అవి కొదువ లేకుండా ఉన్నవి.

మొదటి తప్పు శిక్షణలోనే జరిగినది. ఫోను ముట్టుకోనిచ్చేముందు ఆరు వారాలు శిక్షణ ఇచ్చినారు. అందులో ఒకరు ఫోను చేసినవారుగా నటిస్తే మరొకరు సమాధానం చెప్పాలి. మా శిక్షకురాలు బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఒక పెద్దావిడ. ఆమె పరీక్ష తప్పిన పిల్లగా నటిస్తూ, ‘ఇంటికి పోబుద్ధి కావడం లేదు’ అన్నారు. ఇక చూడండి మా వాగ్ధార! ఓటమి గెలుపునకు మెట్టు అని మొదలుపెట్టి, ఎడిసన్ మహాశయుణ్ణి పిలుచుకొని వచ్చి, అక్కడనుండి సాలెపురుగు దగ్గరకు పోయినాము. ముగించి, మెప్పు కోసం ఆమె ముఖం చూచినాము. ఆమె ఎంతో మర్యాదగా, ‘సార్, మీరు రెండో ఉదాహరణ ఎత్తుకొన్నప్పుడే నేను ఫోను పెట్టేశాను. మీరు మాట్లాడుతూనే ఉన్నారు’ అన్నారు. మా పక్కన కూర్చున్న డిగ్రీ విద్యార్థి ఒకడు నవ్వు ఆపుకోలేకపోయినాడు.

తరువాత ఆమె అదే మాటను ఆ విద్యార్థితో అన్నారు. అతడు ‘ఇంటికి పోబుద్ధి కావడం లేదా?’ అని మాత్రం అని ఆగినాడు. ఆమె మరొక వాక్యం చెప్పినారు. అతడు ‘ఊఁ’ అన్నాడు. ఆమె ఇంకొకటి చెప్పినారు. ఐదు నిమిషాలలో ఆ కల్పిత బాలిక తన ఇల్లు, తన అన్న, తన భయం అంతా చెప్పివేసినది. ఎం.ఏ. పట్టా గల మాకు రాని విద్య ఇరువది యేండ్ల కుర్రవానికి వచ్చినది. మన ఇండ్లలో కథ చెప్పే అవ్వలు ‘ఊఁ కొట్టు’ అని అడిగేవారు. ఊఁ కొట్టడం ఆపితే కథ ఆగిపోయేది. చెప్పేవారికి ఆ ‘ఊఁ’ ఎంత బలమో వారికి తెలుసు. మేమే ఆ సంగతి మరచినాము.

రెండవ తప్పు అంత నవ్వులాటగా చెప్పగలిగినది కాదు. సహాయవాణిని గురించి మేము వినకముందు, ఆరేండ్ల క్రిందట, ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు అధ్యాపకుల గది వాకిట నిలిచి, ‘సార్, కొంచెం మాట్లాడాలి’ అన్నాడు. మంచి అక్షరాలు గలవాడు. ఆ యేడు హాజరు బాగా తగ్గినది. మేము హాజరు సంగతితోనే ఎత్తుకొన్నాము. మీ అబ్బా ఆటో నడిపి ఫీజు కడుతున్నారని, అమ్మీ ఆశలన్నీ నీమీదనే ఉన్నవని, ఈ వయసులో మనసును అదుపులో పెట్టుకోవాలని పావుగంట చెప్పినాము. అతడు ‘జీ సార్, సరే సార్’ అంటూ విని, సలాం చేసి వెళ్లిపోయినాడు. మరుసటి వారం నుండి కళాశాలకు రాలేదు. రిజిస్టరులోని ఫోను నంబరు పనిచేయలేదు. ఇల్లు మారిపోయినారని తోటివారు చెప్పినారు. అతని సర్టిఫికెట్లు ఇప్పటికీ ఆఫీసు బీరువాలో ఉన్నవి. ఏ కీడూ జరిగి ఉండకపోవచ్చు. ఏ గల్ఫు దేశంలోనో పనిలో కుదిరి ఉండవచ్చు. కాని ఆనాడు అతడు చెప్పదలచినది ఏమిటో మాకు తెలియదు. చెప్పడానికి వచ్చినవాడు వినిపించుకొని పోయినాడు.

విద్యార్థుల బాధ అనగానే మనకు పరీక్షలు గుర్తుకు వస్తవి. అది సగం నిజమే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితాలు వెలువడిన తరువాతి రోజులు ఇక్కడివారెవరూ మరువలేరు. ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. గగ్గోలు పుట్టగా, తప్పినవారందరి జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసినది; వేయిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలినది. తెలుగు పరీక్షలో సున్న పడిన ఒక అమ్మాయికి, మళ్లీ చూడగా 99 మార్కులు వచ్చినవి. తెలుగు పరీక్షలో! మేమూ వేసవిలో జవాబు పత్రాలు దిద్దేవారమే. పూటకు ఇన్ని అని కట్ట ముందు పెట్టినప్పుడు చేతివేళ్లు ఎట్లు మొద్దుబారుతవో ఎరుగుదుము. ఆ అమ్మాయి నిలబడి, పోరాడి, తన 99ని తాను సాధించుకొన్నది. అంతవరకు ఆగమని చెప్పేవారు ఆ రాత్రులలో అందరికీ దొరకలేదు.

ఐతే ఒక్క పరీక్షను దోషిగా నిలబెట్టి మనం తప్పించుకోరాదు. 2022లో దేశం మొత్తంమీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నట్లు జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలో ఉన్నది. వీరందరూ పరీక్ష తప్పినవారు కారు. ఇంటిలోని కలహాలు, జబ్బులు, అప్పులు, ప్రేమ వ్యవహారాలు, అవమానాలు, పైకి చెప్పరాని భయాలు, వీటిలో ఏ ఒక్కటీ కాక అన్నీ కలిసిన అలసట. ఒక ప్రాణం పోవడానికి ఒకే కారణం వెదకడం వార్తాపత్రికల తొందర.

సహాయవాణుల చరిత్ర తెలిసినవారికి ఇది తెలియని సంగతి కాదు. ఛాడ్ వరా అనే ఇంగ్లండు మతగురువు 1935లో, ఆ వృత్తిలో చేరిన కొత్తలో, జరిపించిన మొదటి అంత్యక్రియ ఒక చిన్న బాలికది. రజస్వల అయిన ఆ పిల్ల, తనకేదో సిగ్గుచేటైన రోగం వచ్చినదని భయపడి ప్రాణం తీసుకొన్నది. అడుగడానికి ఆమెకు ఒక్క మనిషి లేకపోయినాడు. ఆ సంగతి ఆయన మనసును వదలలేదు. 1953లో లండను నగరంలోని తన చర్చిలో, బ్రతుకు మీద విరక్తి కలిగినవారు ఫోను చేయవచ్చునని ప్రకటించినాడు. జనం రాసాగినారు. ఆయనను కలవడానికి ఎదురుచూస్తున్నవారికి తేనీరు ఇచ్చి పలుకరించడానికి కొందరు మామూలు మనుషులు సాయానికి వచ్చినారు. కొన్నాళ్లకు ఆయన ఒక వింత కనిపెట్టినాడు. తేనీరు త్రాగి, ఆ మామూలు మనుషులతో మాట్లాడి, చాలమంది తనను కలవకుండానే ఊరటతో వెళ్లిపోతున్నారు! 1954 ఫిబ్రవరిలో ఆయన ఫోను పని వారికే అప్పగించినాడు. సమారిటన్స్ అనే సంస్థ అట్లు నిలిచినది. మతగురువై ఉండి ఫోనులో మతబోధ వద్దని తన వారికి నియమం పెట్టిన ఆయన వివేకానికి మేము నమస్కరిస్తాము.

మన దేశంలోనూ ఈ పని కొత్తది కాదు. 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ‘స్నేహ’ను స్థాపించినారు. పరీక్ష తప్పిన పిల్లలకు ఏడాది వృథా కాకుండా వెంటనే మరల పరీక్ష పెట్టాలని ఆ సంస్థ తమిళనాడు ప్రభుత్వాన్ని ఒప్పించినది. విన్నవారికే నొప్పి ఎక్కడ ఉన్నదో తెలుస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. మనకూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నవి. ఐతే ఫలితాలు వచ్చిన రాత్రి ఆ మాటను తప్పిన పిల్లవాని చెవిన మెల్లగా వేసేవారు ఎందరు? 1996లో ముంబయిలో వీధి బాలల కోసం మొదలైన 1098 దేశమంతటికీ వ్యాపించినది. ‘దస్, నౌ, ఆఠ్’ అని అక్షరం రాని పిల్లవాడైనా గుర్తుంచుకోగల సంఖ్య. జంట నగరాలలో ‘రోష్నీ’ ఉన్నది, చక్కని ఉర్దూ పేరుతో. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్‌ను ప్రారంభించినది. 14416కు రాత్రింబగళ్లు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు.

ఇక మేము ఈ పనిలో చేరినప్పుడు వచ్చిన ఆక్షేపణలు. మా గౌరవనీయులైన ఒక పెద్దమనిషి, ‘లెక్చరర్ సాబ్, ఆత్మహత్య మన మతంలో హరాం కదా! ఆ మాట ఎత్తడమంటే పిల్లల చెవిలో మనమే వేసినట్లు కాదా?’ అన్నారు. హరాం అన్నమాట నిజమే. దానిలో మాకు వాదం లేదు. కాని హరాం అని తెలిసిన పిల్లవానికి బాధ తగ్గదు. అటువంటి ఆలోచన వచ్చినదని ఇంట చెప్పుకొనే దారి కూడ మూసికొనిపోతుంది. ఒక బరువు రెండవుతుంది. చెవిలో వేయడమనేది ఉత్త భయం. ‘చనిపోవాలని అనిపిస్తున్నదా?’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదని, ఉన్న ఆలోచన బయటపడి తేలిక అవుతుందని ఈ రంగంలోని వైద్యులు నిర్ధారించిన విషయం. శిక్షణలో ఆ ప్రశ్నను పైకి పలుకడానికి మాకే మూడు వారాలు పట్టినది. చట్టం కూడ ఈ విషయంలో మనకంటె ముందు నడిచినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, వారికి సంరక్షణ కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ప్రయత్నాన్ని నేరంగా చూచిన పాత సెక్షను 2024 జూలై 1న పాత శిక్షాస్మృతితోబాటే వెళ్లిపోయినది.

ఇది వైద్యుల పని కదా అని మరికొందరు. అవును, జబ్బు వైద్యుల పనే. మేము మందు చెప్పము, రోగం పేరు చెప్పము. వైద్యుని గుమ్మం వరకు తోడు నడిచేవారము. కొందరికి ఆ గుమ్మం అవసరమే పడదు. పడినవారికి తోడు లేనిదే అడుగు పడదు. ఆడపిల్లలను ఈ పనికి పంపడమెట్లు అన్న ప్రశ్నకు మా జవాబు పొట్టిది: ఫోను చేసే ఆడపిల్లలు వినడానికి ఆడవారు కావాలని అడుగుతారు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి భాష. మన పిల్లలకు ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఆంగ్లం. మార్కుల పట్టీకి ఇది ఇబ్బందేమో గాని ఫోను దగ్గర ఇది పెన్నిధి. మనిషి లెక్కలు ఏ భాషలోనైనా చెప్పగలడు; బాధ ఇంటి భాషలోనే వస్తుంది. శిక్షణలో ఒకసారి ఫోను చేసినవారుగా నటించడం మా వంతు అయినప్పుడు, ‘కుచ్ నక్కో, బస్’ అన్నాము. ఎదుటి మిత్రుడు ఉత్సాహంగా, ‘ఐతే మీకు ఏ సహాయమూ అక్కరలేదన్నమాట’ అన్నాడు. ఆ మాట సాగదీసి, గొంతు దించి అన్నప్పుడు దాని అర్థం అది కాదని మన బస్తీలలో పసివానికి తెలుసు. అట్లే తెలుగువారి ‘ఏముందిలెండి’. ఉర్దూ మాత్రమే వచ్చినవారికి అది ఉత్త మర్యాద మాట. కొన్ని సమయాలలో ఆ ఒక్క మాట వెనుక ఒక ఇల్లంతా కూలి ఉంటుంది. ఈ రెండు మాటలకూ చెవి గల యువతీ యువకులు మన కళాశాలలో దొరికినట్లు మరెక్కడ దొరుకుతారు? రెండు భాషల మధ్య పెరిగినందుకు ఎప్పుడూ సంజాయిషీ చెప్పుకొనే మన విద్యార్థులకు, ఆ పుట్టుకే అర్హతగా గల పని ఒకటి ఉన్నదని చెప్పాలనే మేము కలం పట్టినాము.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. మన కళాశాలలోనే ఒక సహాయవాణి పెట్టి, ముఖ్య అతిథిని పిలిచి, రిబ్బను కత్తిరించాలన్న ఆలోచన ఒకటి ఇటీవలి సమావేశంలో వచ్చినదని విన్నాము. దయచేసి ఆ పని చేయవద్దు. మ్రోగి మ్రోగి ఎవరూ ఎత్తని ఫోను, అసలు లేని ఫోనుకంటె హీనం. మొదటి నెల ఫోటోలు వస్తవి. పరీక్షల నెలలో, అనగా అది నిజంగా కావలసిన నెలలో, గదికి తాళం ఉంటుంది. ఇప్పటికే నిలకడగా నడుస్తున్నవాటికి మన మనుషులను ఇద్దాము. జాతీయ సేవా పథకంలో విద్యార్థి ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. చెట్లు నాటడానికి, ఊడ్వడానికి ఇస్తున్న గంటలలో కొన్నిటిని ఈ పనికి లెక్కకట్టేటట్లు అనుమతి ఇప్పించండి. గుర్తింపు కార్డుల వెనుక ప్రిన్సిపాలు గారి సంతకం క్రింద బోలెడు ఖాళీ ఉన్నది. అక్కడ 14416, 1098 అని అచ్చు వేయించండి. మరొకటి, ఇది అన్నిటికంటె కష్టమైనది. వెళ్లివచ్చిన విద్యార్థులను ‘మన పిల్లలెవరైనా ఫోను చేసినారా?’ అని ఎన్నడూ అడుగవద్దు. అడిగిన మరునాడే ఆ పని చచ్చిపోతుంది.

విద్యార్థులకు కూడ రెండు మాటలు. ఇది అందరికీ తగిన పని కాదు. పదునెనిమిదేండ్లు నిండి ఉండాలి. ఇంట ఇటీవల మరణం సంభవించినవారు ఒక యేడు ఆగాలి. స్వయంగా బాధలో ఉన్నవారు ముందు ఆ నంబరుకు తామే ఫోను చేయాలి; అందులో చిన్నతనం లేదు, మేము చేసి ఉన్నాము. శిక్షణలో సగంమంది జారిపోతారు. జారిపోయినవారిని ఎవరూ ఏమీ అనరు. సర్టిఫికెట్టు కోసం వచ్చేవారిని మా శిక్షకురాలు మొదటి గంటలోనే పసిగట్టి, తేనీరు ఇచ్చి పంపివేస్తారు.

రావలచినవారు ఈ నెలాఖరులోగా తెలుగు శాఖలో పేరు ఇవ్వవచ్చు. ఉర్దూ శాఖలోనూ ఒక కాగితం పెట్టినాము. మొదటి గురువారం మేమే వెంట తీసికొని వెళ్తాము. మూడున్నరకు గేటు దగ్గర కలుసుకోవాలి. బస్సు చార్జీ ఎవరిది వారిదే.